త్రాన్సితో పూసిన తెల్ల పెట్టె

త్రాన్సితో అర్గేతా అనే మా ఊరి ఆడమనిషి ఒక మగవాణ్ణి సుత్తితో కొట్టడం నేను ఒక్కసారే చూశాను. ఆ ఒక్కసారే చాలింది, తర్వాత ఆమెకు సుత్తి ఎత్తే అవసరం రాలేదు.

ఆ రోజు సాన్ మిగెల్ నుంచి దోన్ ఎవారిస్తో లారీ వేసుకుని వచ్చాడు. శవపేటికల వ్యాపారి. మా ఊళ్ళో ఇంటింటా పెట్టెలు చేస్తారు, అతనిలాంటివాళ్ళు కొనుక్కుపోయి ఊళ్ళమ్మట అమ్ముకుంటారు. అంతకుముందు తీసుకెళ్ళిన పెట్టెలు కొన్ని వెనక్కి తెచ్చి లారీ మీద నుంచి రోడ్డు మీదికి తోసేశాడు. ఒకదాని మూత ఊడి మురిక్కాలవలో పడింది. ఎర్రటి సెడ్రో చెక్క అది. మేకు దిగిన ప్రతిచోటా నల్లటి మచ్చ, దెబ్బ తగిలి కమిలిన కన్నులా ఉంది.

"నీ వార్నిష్ కుళ్ళిపోయిందే," అన్నాడు. "పీనుగ కన్నా ముందు పెట్టె కుళ్ళిందని చచ్చినవాడి పెళ్ళాం నా మొహాన ఉమ్మింది."

"ఉమ్మితే కడుక్కోవాలి గానీ, అదే మొహంతో ఇక్కడికొస్తావా?" అంది త్రాన్సితో.

ఎవారిస్తో వార్నిష్ డబ్బాను కాలితో తన్నాడు. వార్నిష్ అంతా ఆమె పాదాల మీద పడింది. ఆమె కిందికి చూడలేదు.

"మేకులు ఎవరిచ్చారు?"

"నేనే ఇచ్చా. అయితే?"

"ఇత్తడివి అడిగితే తుప్పు పట్టిన ఇనుప మేకులు తెచ్చి పడేశావు. పైగా వానలో పట్టా కప్పకుండా తోలుకుపోయావు. కొమాద్రె, ఒక నిమ్మకాయ పట్రా."

కొమాద్రె అంటే నేను. నా కొడుక్కి బాప్తిస్మపు తల్లి ఆమె. పెట్టెల లోపలి శాటిన్ గుడ్డ, తలకింద దిండు కుట్టే పని నాది, ఆమె కొట్టంలోనే ఒక మూల నా మిషను. నేను నిమ్మకాయ తెచ్చేసరికి ఆమె కత్తితో ఒక మచ్చ మీది వార్నిష్ గీకి చెక్క బయటపెట్టింది. నిమ్మరసం పిండి, బొటనవేలితో రుద్ది, ఊరుకుంది. చుట్టూ మూగిన అందరం వంగి చూస్తున్నాం. కాసేపటికి నలుపు పలచబడింది, తర్వాత పోయింది, చెక్క ఎరుపు బయటికి వచ్చింది.

"ఈ చెక్కలో రసం ఉంటుంది. తడిసిన ఇనుము తగిలితే సిరాలా నల్లబడుతుంది. నా వార్నిష్ కుళ్ళితే నిమ్మకాయకు పోతుందా, చెప్పు."

తోర్తీయాలు, అదే మొక్కజొన్న రొట్టెలు, అమ్మే ముసలిది నవ్వి, "దోన్ ఎవారిస్తో, ఇంకో నిమ్మచెక్క మిగిలింది, నీ మొహం మీద కూడా పిండించుకో," అంది. జనమంతా నవ్వారు. ఆ నవ్వుకి అతను త్రాన్సితో చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లింది. ఆమె మణికట్టుతో నెత్తురు తుడుచుకుని, బల్ల మీది సుత్తి తీసి అతని మెడ పక్క ఎముక మీద దించింది. ఎండిన పలక విరిగినట్టు చప్పుడైంది. అతను రోడ్డు మీద కూలబడ్డాడు. అతను పెట్టెలన్నీ ఒంటిచేత్తో మళ్ళీ లారీ ఎక్కించేదాకా ఆమె సుత్తి పట్టుకుని అక్కడే నిలబడింది. మళ్ళీ వచ్చినప్పుడు అతను చెయ్యి మెడకు కట్టుకుని, టోపీ తీసి, ఇత్తడి మేకులు పట్టుకుని వచ్చాడు.

అలాంటి మనిషి. ఆమెకు అతిశయం ఎక్కువని ఊరనేది. నేనూ అనేదాన్ని, ఆమె ముందే. "ఉంటే ఉంది, నీ సొమ్మేం పోయింది?" అనేది.

ఆ పనితనం ఆమెకు ఎవరో ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పింది కాదు. కాఫీ తోటల్లో గింజలు ఏరే ఇంట్లో పుట్టింది. మొగుడు పెట్టెలకు రంగు వేసేవాడు. వాన పట్టిన రోజుల్లో వార్నిష్ పూయగానే పాలు పోసినట్టు తెల్లగా పొగబారిపోయేది. వాడు అది ఆమె వల్లే అనేవాడు. ముట్టు రోజుల్లో పెట్టె వైపు చూశావు, నీ కంటికి రంగు చచ్చింది అని తడి పలక తీసుకుని వీపు మీద కొట్టేవాడు. ఒకసారి కొట్టిన దెబ్బకు కడుపులో బిడ్డ పోయింది. ఆ తర్వాత ఇక పిల్లలు కలగలేదు.

ఆమె ఏడవడం మానేసి వార్నిష్‌ను చూడడం మొదలుపెట్టింది. తను పుట్టింట్లో ఉన్న రోజుల్లో కూడా వాన పడితే తెల్లబడుతోంది, తను పక్కనే కూర్చున్నా ఎండ కాస్తే తెల్లబడడం లేదు. అంటే తప్పు గాలిలో తేమది. అప్పటినుంచి మొగుడు లేవకముందే కొట్టంలో నిప్పుల కుంపటి పెట్టి, గది పొడిబారాక కుంపటి బయటికి తీసేసేది. వార్నిష్ అద్దంలా వచ్చేది. వాడు తన చెయ్యి తిరిగిందని ఊరంతా చెప్పుకున్నాడు. దెబ్బలు తప్పించుకోవడానికి ఆమె చదివిన చదువు అది. మేము బడికి వెళ్ళి నేర్చింది అక్షరాలు కూడబలుక్కోవడం వరకే, దానికన్నా ఇది పెద్ద చదువు.

చివరికి లక్క కరిగించే స్పిరిట్ తాగాడు వాడు. మొదట కళ్ళు పోయాయి, కొట్టంలో గోడలు తడుముకుంటూ పెట్టెల మీద పడి కేకలు పెట్టాడు, తెల్లారేసరికి పోయాడు. వాడి పెట్టెకు త్రాన్సితోనే రంగు వేసింది. ఎక్కడా ఒక మరక లేదు. "నా పని మీద నాకున్న మర్యాద ఇది, వాడి మీద కాదు," అంది.

ఇక మా దేశంలో అంతర్యుద్ధం ముగిసిన ఏడాది వానాకాలం సంగతి. తుపాకులు అప్పగించమన్నారు, అప్పగించినవాళ్ళు అప్పగించారు, మిగతావాళ్ళు దిండు కింద పెట్టుకున్నారు. ఒక పొద్దున మా ఊరి నోఎమీ కొడుకు ఎల్మెర్ కాఫీ తోటలో దొరికాడు. మచ్చుకత్తితో నరికారు. మెడ దగ్గర ఒకటి, అడ్డం పెట్టుకున్న చేతుల మీద ఎన్నో. పెళ్ళికాని పిల్లవాడు.

పెట్టె కోసం వాడి మేనమామ సెవెరియానో వచ్చాడు. యుద్ధంలో సైన్యం తరఫున తిరిగినవాడు, పిస్టల్ నడుముకే ఉండేది. చొక్కా నిండా మేనల్లుడి నెత్తురు.

"పెళ్ళికాని పిల్లాడు. తెల్లది కావాలి," అన్నాడు. "ఇప్పుడే."

తెల్లవి అయిపోయాయి. పూత వేయని సెడ్రో పెట్టె ఒకటే ఉంది. త్రాన్సితో లక్క డబ్బా మూత తీసింది.

"ముందు లక్క రెండు పూతలు పడాలి దోన్ సెవెరియానో. అది ఆరాలి, ఆ పైన తెల్లరంగు. మధ్యాహ్నం దాటుతుంది. లక్క లేకుండా నీళ్ళరంగు వేస్తే చెక్క ఎరుపు పైకి తన్నుకొస్తుంది."

"మా వాడు గోనెపట్టా మీద ఉన్నాడు. ఈగలు ముసురుతున్నాయి."

"తెలుసు. అయినా..."

అతను పిస్టల్ తీసి మొదట లక్క డబ్బాను దాంతో తోశాడు. లక్కంతా నేల మీద పారింది. తర్వాత ఆ గొట్టం ఆమె చెవి వెనక ఆనించాడు. నా మిషను ఆగిపోయింది. నా ముందు తెల్లటి దిండు ఉంది, దాని మీద నేను కళ్ళు పెట్టుకున్నాను.

"తెల్లరంగు పూయి. నీ లక్క నీ పీనుగకు పూసుకో."

ఆమె పూసింది. చెవి వెనక పిస్టల్ ఉండగానే కుంచె తడబడకుండా నాలుగు వైపులా, మూత, పూసింది. అతను పెట్టె ఎత్తించుకుని పోయాకే కుంచె కింద పెట్టింది.

ఇది చూసినదాన్ని నేనొక్కదాన్నే. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. సెవెరియానో తాగుడు గొడవలో కత్తిపోటుకు పోయాడు. త్రాన్సితో పోయింది. ఫిదెన్సియోను కిందటేడు పాతిపెట్టాం. ఇప్పుడు చెప్పినా ఎవరికీ ముప్పు లేదు.

ఫిదెన్సియో అంటే పాల బండి తోలేవాడు. నోటి దురుసు మనిషి. ఎల్మెర్‌తో బిలియర్డ్స్ కొట్టులో తగువాడి, కర్ర విరిగేలా కొట్టుకుని, "నిన్ను నరుకుతారా" అన్నాడు. ఆ మాట కొట్టంతా విన్నది. మరి అన్నవాళ్ళంతా నరికితే మా ఊళ్ళో ఎవరూ మిగలరు.

ఎల్మెర్ తండ్రి రాజధాని నుంచి రావాలని శవాన్ని మర్నాటి దాకా ఉంచాలనుకున్నారు. ఎండ కాలిపోతోంది. రంపంపొట్టులో ఐసు ముక్కలు కలిపి పెట్టెలో శవం చుట్టూ కూరారు. మధ్యాహ్నం జనం వచ్చారు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు పంచదారో కాఫీపొడో పొయ్యి దగ్గర ఇచ్చి, కొవ్వొత్తి పెట్టి కూర్చున్నారు. రాకపోతే తనే చంపాడంటారని ఫిదెన్సియో కూడా వచ్చాడు. పంచదార పొట్లం ఇచ్చాడు. కొవ్వొత్తి పట్టుకుని పెట్టె తల వైపు వంగాడు.

అప్పుడే తెల్లరంగు కింద నుంచి ఎర్రగా ఒక చార దిగింది. దాని పక్కన మరొకటి. పెట్టె అడుగున చుక్క కట్టి, ఫిదెన్సియో చెప్పు మీద పడింది.

చంపినవాడు దగ్గరకొస్తే శవం నెత్తురు కారుస్తుందని మా వైపు పాలతోపాటు తాగి పెరుగుతాం. నోఎమీ ముందు చూసింది. ఆమె నోట్లోంచి మాట కాదు, గాలి వచ్చింది. తర్వాత అందరూ చూశారు. ఫిదెన్సియో కొవ్వొత్తి వదిలేసి వెనక్కి నడిచాడు, వెనక సెవెరియానో ఉన్నాడు.

వాణ్ణి జుట్టు పట్టి పెరట్లోకి ఈడ్చారు. ఇంటి ఆడవాళ్ళు కూడా కొట్టారు, గరిటెలతో, చెప్పులతో, రుబ్బురాయి పొత్రంతో. హోకోటే చెట్టుకు పశువుల తాడుతో కట్టారు. పొత్రం దెబ్బకు పళ్ళు ఊడి గడ్డం మీద అంటుకున్నాయి. వాడు "నేను కాదు, నేను కాదు" అంటున్నాడు, పళ్ళు లేక ఆ మాట కూడా సరిగ్గా రావడం లేదు. సెవెరియానో మచ్చుకత్తి తీసి వాడి ఎడమ చెవి కోసి కుక్కకు విసిరాడు. కుక్క వాసన చూసి పక్కకు తప్పుకుంది.

నేను పరిగెత్తాను. త్రాన్సితో నేల మీద ఒలికిన లక్కను గీకుతోంది.

"పెట్టె కారుతోంది. ఫిదెన్సియోను చంపేస్తున్నారు."

"వాడా? నా గోడకు ఉచ్చ పోసేవాడు," అంది. అంటూనే లేచింది. పూత వేయని సెడ్రో ముక్క ఒకటి చంకలో పెట్టుకుని వచ్చింది.

ఆమె తిన్నగా పెరట్లోకి పోలేదు. ఇంట్లో శవం దగ్గరికి వెళ్ళి, ఎర్రచార మీద వేలు పెట్టి, ఆ వేలితో పెరట్లోకి వచ్చి నోఎమీ ముందు నిలబడింది.

"నాలుక చాపు."

"పోవే ఇక్కణ్ణుంచి," అంది నోఎమీ.

"పొద్దున నీ కొడుకును కడిగింది నువ్వు. నెత్తురు రుచి నీకు నేను చెప్పాలా? నాకి చూడు."

నోఎమీ ఆ చెయ్యి పట్టుకుని నాకింది. ఆమె మొహం ముడుచుకుంది. పచ్చి జీడిపండు కొరికినట్టు.

"వగరు," అంది.

"నెత్తురు ఉప్పగా ఉంటుంది. ఇది చెక్క రసం." త్రాన్సితో చంకలోని ముక్క తీసి, బకెట్‌లో ముంచి, తన తెల్ల పావడాకేసి రాసింది. పావడా మీద అదే ఎరుపు. "మీరు ఐసు పెట్టారు. అది కరిగి చెక్కలోకి దిగింది. చెక్క కారింది. ఇప్పుడు ఆ పెట్టె మీద బిషప్పు వంగినా కారుతుంది."

కొందరు కర్రలు దించారు. సెవెరియానో దించలేదు.

"చచ్చినవాడి నెత్తురు వగరెక్కుతుంది," అన్నాడు. "నీకేం తెలుసు?"

"ఒరేయ్, మీ ఇంట్లో ఎంతమందికి పెట్టె చేశాను నేను?"

"అవన్నీ సెడ్రోవే. ఐసు కూడా పెట్టాం. మా నాన్నది కారిందా? మా అన్నది కారిందా? ఇదొక్కటే ఎందుకు కారింది, చెప్పవే. వీడొచ్చినప్పుడే ఎందుకు కారింది?"

జనం మళ్ళీ కర్రలు ఎత్తారు. ఆ ప్రశ్న నిజంగా మంచి ప్రశ్న. దానికి జవాబు తెలిసినవాళ్ళం ఆ పెరట్లో ముగ్గురమే, అడిగినవాడితో కలిపి. అతని చెయ్యి నడుము మీదికి పోయింది. అతను త్రాన్సితో కళ్ళలోకే చూస్తున్నాడు. అతనికి గుర్తుంది. నువ్వు చెప్పు చూద్దాం అన్నట్టు చూస్తున్నాడు.

నిజం నా నోటి దాకా వచ్చింది. ఆమె నా పాదం మీద మడమతో గట్టిగా తొక్కింది.

"లక్క పూయలేదు," అంది. "తెల్లరంగు కింద రెండు పూతలు లక్క పడాలి, అప్పుడు ఎరుపు పైకి రాదు. దీనికి పూయలేదు."

"ఎందుకు పూయలేదు?"

"మర్చిపోయాను."

ఆమె నోటి నుంచి ఆ మాట అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. ఎవారిస్తో ఎముక విరిచిన మనిషి, ఒక్క మరక తనదని ఒప్పుకోని మనిషి. తోర్తీయాలమ్మే ముసలిది నెమ్మదిగా శిలువ గుర్తు వేసుకుంది. ఆ మాట చెక్క రసం కన్నా, వగరు కన్నా ఎక్కువగా నమ్మించింది జనాన్ని. ఎవడో పోయి ఫిదెన్సియో తాడు కోశాడు. వాడు చెట్టు మొదట్లో కుప్పగా జారాడు.

తర్వాత వాళ్ళ చేతుల్లో మిగిలిన కోపమంతా ఆమె మీద పడింది. నోఎమీ ఆమె మొహం రక్కింది. "నా బిడ్డ పెట్టెకా నీ మతిమరుపు? నా బిడ్డకేనా?" అని జుట్టు పీకింది. త్రాన్సితో చేతులు అడ్డం పెట్టుకోలేదు. సెవెరియానో మచ్చుకత్తి తిప్పి, మొద్దు వైపుతో ఆమె కుడి మణికట్టు మీద కొట్టాడు. కుంచె పట్టే చెయ్యి. ఎముక చర్మం కింద నుంచి లేవడం నేను చూశాను.

"ఇక మర్చిపోవు," అన్నాడు.

ఆమె అతని వైపు ఒక్కసారి చూసింది. చెయ్యి పొట్టకు హత్తుకుని నడిచి ఇంటికి వచ్చింది, నేను ఫిదెన్సియోను అతని పాల బండి మీదికి ఎక్కించి తోలుకొచ్చాను. ఎల్మెర్‌ను ఎవరు నరికారో ఇప్పటికీ తెలియదు. ఆ ఏడాది అలాంటివి తేలేవి కావు.

ఎముకలు కట్టే ముసలాయన కట్టు కట్టాడు, అతికింది గాని వంకరగా అతికింది. కుంచె ఎడమ చేతికి మారింది. వార్నిష్ అప్పటికీ అద్దంలాగే వచ్చేది, కానీ కొనేవాళ్ళు రావడం తగ్గింది. తెల్ల పెట్టెలు ఆమె దగ్గర ఎవరూ అడగలేదు. ఎవారిస్తో లారీ పక్క వీధిలో ఆగేది. నా కుట్టు పని కూడా సగమైంది.

ఒకరోజు బజారులో కూరగాయల దగ్గర సెవెరియానో పెళ్ళాం నలుగురిలో అంది, "త్రాన్సితో చేసిన పెట్టెలో పడుకోబెడితే పీనుగకు నెలసరి వస్తుందట," అని. అందరూ నవ్వారు. నేను గుమ్మడికాయ దించి ఆ మనిషి జడ చేతికి చుట్టుకుని కింద పడేశాను. మొహాన్ని బురదలో అదిమాను. "నీ మొగుడు ఏం చేశాడో చెప్పనా?" అన్నాను. "చెప్పనా ఇప్పుడు, ఇక్కడ?" దాని గోళ్ళు నా చెంపలో దిగాయి, నేను వదల్లేదు.

నన్ను వెనక నుంచి ఒంటిచేత్తో పట్టి లాగింది త్రాన్సితో. "దానికి పిచ్చెక్కింది, పట్టించుకోకండి," అని జనంతో అని, నన్ను కొట్టందాకా తోసుకుంటూ తీసుకొచ్చింది. నా చెంప మీద లక్క స్పిరిట్ అద్దింది. మంటకు నేను ఆమెను తిట్టాను.

"ఎన్నాళ్ళు పడతావు?" అన్నాను. "పిస్టల్ పెట్టాడని చెప్దాం. నేను చూశాను. ఫాదర్ ముందు ప్రమాణం చేస్తాను."

"చెప్తే?"

"నీ పేరు నిలబడుతుంది."

"ఫిదెన్సియో తల తెగిపడుతుంది." గోడ అవతల ఫిదెన్సియో తన పిల్లలను తిడుతున్న గొంతు వినిపిస్తోంది. "చూడు కొమాద్రె. వగరు రుచిని వాళ్ళు ఎప్పుడో మర్చిపోయారు. నేను తప్పు చేశాననే వాణ్ణి వదిలారు. రేపు నేను తప్పు చేయలేదంటే, ఆ రోజు అబద్ధమాడిందన్నమాట అంటారు. ఒకటి అబద్ధమైతే అన్నీ అబద్ధమంటారు. పెట్టె మళ్ళీ నెత్తురు కార్చడం మొదలుపెడుతుంది."

"వాడు నీకు దండం కూడా పెట్టలేదు. నిన్న కూడా నీ గోడ తడిపాడు."

"తడపనీ. చచ్చినవాళ్ళు తడపరు కదా." వంకర చేతిని ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా రుద్దుకుంది. "నువ్వు నాకొకటి చెయ్యాలి. ఫిదెన్సియో బతికున్నంత కాలం చెయ్యాలి."

"ఏంటి?"

"మళ్ళీ ఎవరైనా నా పెట్టెలు కారుతాయంటే కొట్టకు. అవును, దానికి మతిమరుపు, నా కళ్ళతో చూశాను, లక్క డబ్బా పక్కనే ఉన్నా పూయలేదు అను. నీ నోరు ఎవరికీ భయపడదని ఊరందరికీ తెలుసు. నువ్వు చెప్తే నమ్ముతారు."